రాత్రికి ఇక్కడే ఉండిపోండి!

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల ఫొటో ఆల్బమ్‌ తిరగేయండి. నయాగరా జలపాతం, స్వేచ్ఛాప్రతిమ, వైట్‌హౌస్‌... ఆ తర్వాతి పేజీలో చాలాసార్లు కనిపించేది 189 అడుగుల ఎత్తున్న సిండ్రెల్లా కోట. దాని ముందు మిక్కీమౌస్‌ చెవులు పెట్టుకుని నవ్వుతున్న నలుగురు. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో పక్కనున్న వాల్ట్‌ డిస్నీ వరల్డ్‌ అది. పార్కు అని పిలుస్తాం కానీ ఆ మాట దానికి చాలదు. దాదాపు 25 వేల ఎకరాలు. మన రామోజీ ఫిల్మ్‌సిటీ లాంటివి పది పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. నాలుగు థీమ్‌ పార్కులు, రెండు వాటర్‌ పార్కులు, మోనోరైలు, సొంత బస్సులు... వీటన్నిటి మధ్య ఇరవై వేలకు పైగా హోటల్‌ గదులు!

నిజానికి కథంతా ఆ గదులదే.

పక్కవాడి పంట

1955లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్‌ కట్టినప్పుడు వాల్ట్‌ డిస్నీ చేతిలో ఉన్నది 160 ఎకరాలే. హోటల్‌ కట్టడానికి డబ్బు లేక ఆ పనిని జాక్‌ రాథర్‌ అనే టీవీ నిర్మాతకు అప్పగించారు. పార్కు కళకళలాడింది. చుట్టూ మోటళ్లూ నియాన్‌ బోర్డులూ పుట్టగొడుగుల్లా మొలిచాయి. జనాన్ని రప్పించేది డిస్నీ, వాళ్లు డబ్బిచ్చి పడుకునేది పక్కవాడి గదిలో!

ఆ బాధ మళ్లీ పడకూడదనుకున్నారాయన. 1964-65లో ఓర్లాండో దగ్గర చిత్తడి నేలల్ని ఎవరో కొంటున్నారని గుసగుసలు మొదలయ్యాయి. కొనేవి ఊరూపేరూ తెలియని కంపెనీలు. చివరికి 1965 అక్టోబరులో స్థానిక పత్రిక ఓర్లాండో సెంటినెల్‌ గుట్టు విప్పింది. అప్పటికే 27 వేల ఎకరాలు చేతులు మారాయి. అయిన ఖర్చు సుమారు 50 లక్షల డాలర్లు. అంటే ఎకరం 200 డాలర్లు కూడా పడలేదు. పేరు బయటపడ్డాక ధరలు ఆకాశానికంటాయని వేరే చెప్పాలా!

అన్నట్టు, వాల్ట్‌ డిస్నీ అక్కడ కట్టాలనుకున్నది ఒక్క పార్కునే కాదు. 20 వేలమంది కాపురముండే ఓ నగరాన్ని. దాని పేరే ఎప్‌కాట్‌. 1966 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. నగరం కాగితాల మీదే ఉండిపోయింది. దాని కోసమంటూ ఫ్లోరిడా ప్రభుత్వం 1967లో ఇచ్చిన అధికారాలు మాత్రం నిలిచాయి. రోడ్లు, మురుగునీటి కాల్వలు, భవన అనుమతులు అన్నీ చూసుకునేది డిస్నీ కనుసన్నల్లో నడిచే రీడీ క్రీక్‌ అనే ప్రత్యేక సంస్థ. ఆ పెత్తనం 2023 దాకా సాగింది. గవర్నర్‌ రాన్‌ డిశాంటిస్‌తో తగవొచ్చాక ఆ సంస్థ పేరు మారి, బోర్డు గవర్నర్‌ మనుషుల చేతికి వెళ్లింది. ఎప్‌కాట్‌ పేరు 1982లో ఒక పార్కుకు దక్కింది. ఇక కాపురాల సంగతంటారా... ఈ హద్దుల్లోని రెండు బుల్లి పురపాలికల్లో స్థిరనివాసులు పదుల సంఖ్యలోనే ఉన్నారు. అక్కడ నిద్రపోయేది ఒకటి, రెండు, మహా అయితే వారం రాత్రులకు డబ్బు కట్టినవాళ్లే.

సొరుగుల్లా గదులు

1971 అక్టోబరు 1న మ్యాజిక్‌ కింగ్‌డమ్‌తో పాటు రెండు హోటళ్లు తెరిచారు. వాటిలో కంటెంపరరీ హోటల్‌ను చూసి తీరాలి. ముందు ఉక్కు చట్రం నిలబెట్టారు. గదుల్ని వేరేచోట తయారుచేసి, క్రేన్‌తో ఎత్తి, బీరువాలో సొరుగులు తోసినట్టు అందులోకి తోశారు. మోనోరైలు హోటల్‌ కడుపులోంచే దూసుకుపోతుంది. తాను మోసగాణ్ని కాదంటూ అధ్యక్షుడు నిక్సన్‌ 1973 నవంబరులో పత్రికా సంపాదకుల ముందు చెప్పుకున్నది ఇక్కడే. దాని జోడీ పాలినేషియన్‌. బీటిల్స్‌ బృందం విడిపోయే పత్రాల మీద జాన్‌ లెనన్‌ 1974 చివర్లో సంతకం పెట్టింది ఆ హోటల్లోనే.

గదుల్లో ఎంత డబ్బుందో బాగా పసిగట్టింది 1984లో పగ్గాలు పట్టిన మైఖేల్‌ ఐస్నర్‌. ఆయన హయాంలో హోటళ్లు వరుసకట్టాయి. విక్టోరియన్‌ కాలపు రాజసంతో గ్రాండ్‌ ఫ్లోరిడియన్‌ 1988లో వచ్చింది. జేబు చిన్నదైనవాళ్ల కోసం ఆల్‌ స్టార్‌ హోటళ్లు 1994 నుంచి మొదలయ్యాయి. అన్నింట్లోకీ ముచ్చటైనది మాత్రం 2001లో తెరిచిన యానిమల్‌ కింగ్‌డమ్‌ లాడ్జ్‌. పొద్దున్నే కర్టెన్‌ తీస్తే బాల్కనీ ఎదురుగా జిరాఫీలూ జీబ్రాలూ మేస్తుంటాయి. అక్కడి సనా రెస్టరెంట్లో నాన్‌లు, పనీర్‌ పరాఠా, వాటితోపాటు వెల్లుల్లి ఊరగాయ కూడా దొరుకుతాయి. మూడురోజులు బర్గర్లు తిని విసిగిన తెలుగువాళ్లకు ప్రాణం లేచొస్తుంది మరి.

ధరలు? సాదా గదికే రాత్రికి 150 డాలర్ల పైమాట. గ్రాండ్‌ ఫ్లోరిడియన్‌లోనైతే సీజన్లో 800 దాటుతుంది. పార్కు టికెట్లు వేరే. మ్యాజిక్‌ కింగ్‌డమ్‌లో పండుగ రోజుల ధర ఒక మనిషికి, ఒక్కరోజుకు 200 డాలర్లు దాటేసింది.

శీఘ్రదర్శనం

బయట ఇంతకన్నా చవగ్గా గదులు దొరుకుతాయి. అయినా జనం లోపలే ఎందుకు దిగుతారు? క్యూ కోసం! తిరుమలలో రూ.300 టికెట్‌ సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1999 నుంచీ రెండు దశాబ్దాలపాటు క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్‌ ఉచితంగా ఉండేది. 2021 అక్టోబరు నుంచి డబ్బు కట్టాల్సిందే. ఇప్పుడు దాని పేరు లైట్నింగ్‌ లేన్‌. డిస్నీ హోటల్లో దిగినవాళ్లు దాన్ని ఏడురోజుల ముందే కొనుక్కోవచ్చు. బయటివాళ్లకు మూడురోజుల ముందు మాత్రమే. రోజూ అరగంట ముందు పార్కులోకి వెళ్లే వీలూ హోటల్‌ అతిథులకే. ఒకప్పుడు విమానాశ్రయం నుంచి హోటల్‌కు ఉచిత బస్సుండేది. 2022 మొదట్లో అదీ ఆపేశారు.

ఎంత పిండినా జనం ఇస్తారనుకుంటే మాత్రం పొరపాటే. స్టార్‌ వార్స్‌ సినిమాల ఇతివృత్తంతో 2022 మార్చిలో గెలాక్టిక్‌ స్టార్‌క్రూజర్‌ అనే హోటల్‌ తెరిచారు. అంతరిక్షనౌకలో ఉన్నట్టే ఏర్పాట్లు. కిటికీకి బదులు నక్షత్రాలు చూపే తెర. రెండు రాత్రులకు, ఇద్దరికి దాదాపు 5 వేల డాలర్లు! వెళ్లినవాళ్లు మెచ్చుకున్నారు. వెళ్లగలిగినవాళ్లే తక్కువ. 2023 సెప్టెంబరు చివర్లో తలుపులు మూశారు.

పరుపు పరిచేవాళ్లు

ఈ గదుల్లో దుప్పట్లు మార్చేవాళ్లు, వంటవాళ్లు, బస్సు డ్రైవర్లు, మిక్కీ వేషం వేసేవాళ్లు... అంతా కలిపి 75 వేలమందికి పైనే. అమెరికాలో ఒకేచోట ఇంతమందికి పనిచ్చే సంస్థ మరొకటి లేదంటారు. మ్యాజిక్‌ కింగ్‌డమ్‌లో వాళ్లు తిరిగేది సందర్శకుల కాళ్ల కింది సొరంగాల్లాంటి దారుల్లో. నిజానికవి సొరంగాలు కావు. ఎదురుగా చెరువు తవ్విన మట్టితో నేలను ఎత్తుచేసి, పార్కును పై అంతస్తులో కట్టారు.

మరి పనయ్యాక వాళ్లెక్కడ పడుకుంటారు? గంటకు కనీసం 15 డాలర్ల జీతం కోసం యూనియన్లు గట్టిగా పోరాడి 2018లో ఒప్పందం సాధించాయి. అది అమలయ్యేసరికి 2021 వచ్చింది. ఆలోపు ఓర్లాండోలో అద్దెలూ ఊరుకోలేదు. డిస్నీ వరల్డ్‌ దక్షిణాన ఉన్న 192వ నంబరు రహదారి పక్క మోటళ్లలో, అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టుకోలేని కుటుంబాలు వారాల లెక్కన గది తీసుకుని కాపురాలు చేస్తున్నాయి. షాన్‌ బేకర్‌ 2017లో తీసిన 'ద ఫ్లోరిడా ప్రాజెక్ట్‌' సినిమా ఆ పిల్లల గురించే. వాల్ట్‌ డిస్నీ తన రహస్య పథకానికి మొదట్లో పెట్టుకున్న పేరు కూడా అదే కావడం విచిత్రం.

2022లో డిస్నీ ఒక ప్రకటన చేసింది. తన స్థలంలోంచి దాదాపు 80 ఎకరాలు కేటాయించి, తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు వెయ్యికి పైగా కట్టిస్తామని. డిస్నీ ఉద్యోగులే కాదు, అర్హత ఉన్నవాళ్లెవరైనా వాటికి దరఖాస్తు చేసుకోవచ్చట.