కారవాన్ టీవీకి యాంటెనా: బూస్టర్ కొనేముందు

మొన్నటి ఎపిసోడ్ విన్నాక కొందరు తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, సైట్ దగ్గర కారవాన్‌లో ఉంటున్నాం, టీవీలో బొమ్మ పగిలిపోతోంది, బూస్టర్ కొనాలా?" ఆగండి, డబ్బులు తర్వాత పెడదాం.

బ్రిటన్‌లో ఫ్రీవ్యూ అంటే డిష్ కాదు. మన ఊళ్లో దూరదర్శన్ కోసం డాబా మీద యాంటెనా తిప్పేవాళ్లం కదా, అదే లెక్క. అప్పట్లో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పాకేవి, అయినా మనిషి కనబడేవాడు. 2012కి ఇక్కడంతా డిజిటల్ అయిపోయింది. ఇప్పుడు బొమ్మ ఉంటే పూర్తిగా ఉంటది, లేకుంటే గళ్లు గళ్లుగా విరిగి పోతది.

కారవాన్ గోడ చాలావాటికి అల్యూమినియం రేకు. అందుకే లోపల పెట్టే చిన్న యాంటెనా దండగ. గుండ్రటి పళ్లెంలాంటి రకం తిప్పే పని లేదని బాగా అమ్ముడుపోతుంది, కానీ టవర్ దగ్గరుంటేనే దానితో సుఖం. నన్నడిగితే చేపముల్లులా ఉండే లాగ్ పీరియాడిక్ కొనండి. ఇక్కడి టీవీ చానళ్లు 21 నుంచి 48 దాకా అన్నీ పడుతుంది, సైట్ మారినా అదే పనికొస్తుంది.

ఎటు తిప్పాలో తెలియకపోతే పక్క ఇళ్ల కప్పులు చూడండి. యాంటెనాలన్నీ ఒకే దిక్కు చూస్తుంటాయి. పుల్లలు పడుకుని ఉన్నాయా, నిలబడి ఉన్నాయా అదీ చూడండి. క్రిస్టల్ ప్యాలెస్, ఎమ్లీ మూర్ లాంటి పెద్ద టవర్లకి పడుకోబెట్టాలి. చిన్న రిలే టవర్లకి మామూలుగా నిలబెట్టాలి. ఇది తప్పితే దిక్కు కరెక్టయినా బొమ్మ నిలవదు. (ఎమ్లీ మూర్‌లో పాత స్టీల్ మాస్ట్ 1969లో మంచు బరువుకి కూలింది, ఇప్పుడున్నది కాంక్రీటు. మన పనివాళ్లు ఒకసారి చూడాల్సిందే.)

బూస్టర్ సంగతి. అది లేని సిగ్నల్‌ని పుట్టించదు. ఉన్నదాన్ని పెంచుతుంది, చెత్తతో సహా. టవర్ దగ్గరుంటే సిగ్నల్ ఎక్కువైపోయి అచ్చం తక్కువైనట్టే బొమ్మ విరుగుతుంది. ముందు అది లేకుండా చూడండి. పైపు ఒక మీటరు ఎత్తు పెంచితేనే చాలాసార్లు సరిపోతుంది. అయినా కావాలంటే యాంటెనా దగ్గర బిగించండి, టీవీ వెనక కాదు.

కప్పుకి మాత్రం రంధ్రం కొట్టొద్దు. ఒక్క స్క్రూ దగ్గర నీళ్లు దిగితే లోపలి చెక్క కుళ్లిపోతుంది, అద్దె కారవాన్ అయితే డిపాజిట్ కూడా పోతుంది. పైపుని ముందరి హిచ్ ఫ్రేమ్‌కి క్లాంపులతో కట్టండి. కేబుల్ లోపలికి వెళ్లేచోట కొంచెం కిందికి వేలాడనివ్వండి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. పైపు లేపేముందు పైన కరెంటు తీగలున్నాయా చూడటం మాత్రం మర్చిపోవద్దు. అల్యూమినియం పైపు తీగకి తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్లినా ప్రాణం పోతుంది. గాలి రోజు ఈ పని పెట్టుకోకండి.

సైట్ మారిన ప్రతిసారీ టీవీని రీట్యూన్ చేయాలి. టీవీ లైసెన్స్ కావాలి. ఇంటికి ఉంటే టూరింగ్ కారవాన్‌కీ అదే చెల్లుతుంది, కారవానే ఇల్లయితే విడిగా తీసుకోండి. మన తెలుగు చానళ్లు దీంట్లో రావు, వాటికి నెట్టే దిక్కు.