మీకు తెలుసా? పాయింట్ 22 తూటా, హైదరాబాద్ జింక

పాయింట్ 22 రైఫిల్ తూటా వ్యాసం సుమారు 5.7 మిల్లీమీటర్లు. మన సైన్యం ఏళ్ల తరబడి మోసిన ఇన్సాస్ రైఫిల్ తూటాను కొలిచినా దాదాపు అంతే ఉంటుంది. తేడా అంతా వెనక దట్టించిన మందులో ఉంది. పాయింట్ 22 తూటా అంటే రెండున్నర గ్రాముల సీసం. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 150 జౌళ్లకు అటూ ఇటూ. ఇన్సాస్ తూటాది 1,700 జౌళ్ల పైమాటే. పడే రంధ్రం ఒకటే, దెబ్బ మాత్రం పదింతలు. చిన్న తుపాకీ అయినా దగ్గర్నుంచి కొడితే జింక కూలిపోతుందని వేట కబుర్లలో చెప్పుకుంటారు. అది నమ్మదగ్గ మాట కాదు.

వేటకు అనుమతి ఉన్న దేశాలే ఆ మాట ఒప్పుకోవు. స్కాట్లండ్‌లో రో అనే చిన్నపాటి జింక ఉంది. బరువు పాతిక కిలోలు, మన మగ కృష్ణజింక కంటే తక్కువ. దాన్ని కాల్చాలన్నా తూటాకు కనీసం 1,350 జౌళ్ల శక్తి ఉండాలంటుంది అక్కడి చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్ద జింకలకు 1991 నాటి చట్టం గీసిన గీత ఇంకా పైన, 2,300 జౌళ్ల దగ్గర ఉంది. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు మామూలు పాయింట్ 22తో జింకను కొట్టనివ్వవు. వేటగాళ్ల అనుభవమే ఆ గీతలు గీయించింది. చిన్న తూటా భుజం ఎముకకు తగిలితే అక్కడే ఆగిపోవచ్చు. లోపలికి దిగినా గాయం నోరు చిన్నది, నేల మీద పడే నెత్తురు కొద్ది, జాడ దొరకడం కష్టం. దెబ్బ తిన్న జింక పరుగెత్తి ఏ పొదలోనో పడిపోతుంది. గంటల తరబడి, గాయం చీము పడితే రోజుల తరబడి యాతనపడి చస్తుంది. వేటను వెనకేసుకొచ్చే వాళ్లకు కూడా తలవంపులు తెచ్చే చావు అది.

జింకను సరిగ్గా పడగొట్టలేని ఆ తూటాయే మైలు దాటి పోగలదు! గురి తప్పితే మైలున్నర దాకా ప్రమాదమని పాయింట్ 22 తూటాల డబ్బాల మీదే హెచ్చరిక అచ్చువేస్తారు. హైదరాబాద్ శివార్లలో శంషాబాద్, కొత్తూరు, మహేశ్వరం మధ్య ఇప్పుడు మైలున్నర ఖాళీ నేల ఎక్కడుంది? 2008లో విమానాశ్రయం వచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, వెంచర్లు, కాలనీలు పెరిగిపోయాయి. చీకట్లో జీపు మీంచి లైటు వేసి, మెరిసే కళ్లకు గురిపెట్టే వాడికి ఆ కళ్ల వెనక ఏ గుడిసె ఉందో ఎలా తెలుస్తుంది?

ఈ నేల ఒకప్పుడు వేటకు పేరుపడ్డదే. 1914లో సరయేవోలో హత్యకు గురై, మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893 జనవరిలో హైదరాబాద్ వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతనికి వేట విడిది ఏర్పాటు చేశాడు. రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోల్లో ఆ యువరాజు ఇప్పటికీ కనిపిస్తాడు. ఆ రోజుల్లో కృష్ణజింకను తుపాకీతోనే కాదు, మచ్చిక చేసిన చీతాతోనూ వేటాడేవారు. చీతా కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండి మీద మంద దగ్గరికి తీసుకెళ్లి, గంతలు విప్పి వదిలేవారు. బండే ఎందుకంటే, మనిషి నడిచొస్తే అల్లంత దూరాన్నుంచే పరుగందుకునే కృష్ణజింక ఎడ్లబండిని మాత్రం పట్టించుకోదు. పొలాల్లో రోజూ చూసేదే కదా. తుపాకీ వేటగాళ్లు కూడా బండి చాటునే నడిచి దగ్గరికి చేరేవారు. ఆ వేటచీతాలు 1952 నాటికి దేశంలోనే లేకుండా పోయాయి. జింక మిగిలింది. నిజాం వేటమైదానంగా ఉన్న 3,758 ఎకరాలు 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయ్యాయి. వనస్థలిపురం పేరు అక్కడి నుంచి వచ్చిందే. విజయవాడ హైవే పక్కన ఇవాళ్టికీ కృష్ణజింకలు మేస్తున్నాయంటే ఆ నిర్ణయం చలవే.

వేట 1972లోనే పూర్తిగా ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ ఏడాది వచ్చిన మాట నిజమే. కానీ కొన్ని జంతువులకు వేట లైసెన్సులు ఇచ్చే పద్ధతి అందులో అలాగే ఉండిపోయింది. 1991 సవరణ దాన్ని తీసేసింది. కృష్ణజింక ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. నేరం రుజువైతే వాడిన తుపాకీ, వాహనం సర్కారుకు పోతాయి. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. ఈ రెండూ ఒకే జాతివి కావు. చుక్కల జింక కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి.

రైతు గోడు వేరు. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన కృష్ణజింకలు మందలు మందలుగా చేలల్లో పడి పత్తి, కంది మొలకలు మేసేస్తాయి. కడుపు మండిన రైతును తప్పుపట్టలేం. అయినా మొదటి షెడ్యూల్లోని జంతువును పంట పాడుచేసిందన్న కారణంతో చంపడానికి అటవీశాఖ పెద్దాఫీసరు కూడా అనుమతి ఇవ్వలేడు. మనిషి ప్రాణానికి ముప్పయినా, కోలుకోలేని రోగమో గాయమో అయినా తప్ప ఆ వీలు లేదు. కాబట్టి మిగిలిన దారులు రెండే. పట్టి వేరేచోటికి తరలించాలి, నష్టపరిహారం వేళకు ఇవ్వాలి. రెండోది ఆలస్యమైతే మొదటిదాన్ని ఎవరూ నమ్మరు.

పాయింట్ 22కు తగిన చోటు మాత్రం హైదరాబాద్‌లో ఉంది, అది షూటింగ్ రేంజ్. 50 మీటర్ల ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో వాడేది ఈ తూటానే. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. ఈ ఊళ్లో పెరిగిన గగన్ నారంగ్ లండన్‌లో 2012లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కంచు పతకం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీల్లోనూ దిగాడు. ఇలాంటి క్రీడాకారులు విమానం ఎక్కేటప్పుడు లైసెన్సు కాగితాలు చూపించి, తుపాకీని ఖాళీ చేసి, తూటాలతో పాటు చెకిన్ సామానులోనే వెయ్యాలి. చేతిసంచిలో ఒక్క తూటా మిగిలిపోయినా స్కానర్‌కు చిక్కితే ఆయుధాల చట్టం కింద కేసు తప్పకపోవచ్చు.

శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దారిలో అత్తాపూర్ తగులుతుంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అంతరించే జంతువుల కోసం నడిపే లాకోన్స్ ప్రయోగశాల అక్కడే ఉంది. కృత్రిమ గర్భధారణతో 2006లో చుక్కల జింక కూన స్పాటీ, 2007లో కృష్ణజింక కూన బ్లాకీ అక్కడే పుట్టాయి. జింక మాంసం కేసుల్లో నమూనాలు కూడా ఈ ప్రయోగశాలకే చేరతాయి. మేకమాంసమని బుకాయిస్తే ఒకప్పుడు తేల్చడం కష్టమయ్యేది. ఏ జంతువుదో ముందుగా తెలియకపోయినా డీఎన్‌ఏ నుంచి జాతిని పట్టే యూనివర్సల్ ప్రైమర్లను 2000 తర్వాత తొలి ఏళ్లలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ రూపొందించారు. ఇప్పుడు తల, తోలు, కొమ్ములు మాయం చేసినా గిన్నెలో మిగిలిన చిన్న ముక్క చాలు, అది మేకదో జింకదో కోర్టుకు చెప్పడానికి.