యాజలి మాస్టారి లెక్క: ఆరో సంఖ్య ఉందా?

కమ్మింగ్ (జార్జియా): 1,46,36,19,46,18,64,58,56,25,60,000. ఒకప్పుడు ఇండియాకి ఫోన్ చేయడానికి గీకిన కాలింగ్ కార్డు నంబరు కాదిది. 24 అంకెల ఈ సంఖ్య వెనుక మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. పేరు మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసులో చదివి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, అమెరికాలో మిస్సోరి మీదుగా 1963లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీకి చేరారు. 2006 ఫిబ్రవరిలో ఎడ్మంటన్‌లోనే కన్నుమూశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల కబుర్లు మనకి రోజూ వినపడతాయి గానీ ఇలాంటి వలసజీవి సంగతి ఎవరూ చెప్పరు.

సరే, లెక్కలోకి వద్దాం. బళ్లో పరిపూర్ణ సంఖ్య అని చదువుకున్నాం కదా. 6ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. కూడితే మళ్లీ 6. సుబ్బారావు గారు, ఎల్.జె. వారెన్ కలిసి 1966లో ఇదే ఆటని ఇంకో షరతుతో ఆడారు. సంఖ్యని ముక్కలు చేయాలి, కానీ ఒకే ప్రధాన సంఖ్యతో కట్టిన ముక్కని మధ్యకి విరగ్గొట్టకూడదు. 60 అంటే 4×3×5. ఇందులో 4ని 2గా చీల్చడం కుదరదు. తీసుకుంటే మొత్తం తీసుకో, లేదా వదిలెయ్. సుబ్బారావు గారి గురువు వైద్యనాథస్వామి 1931లోనే వీటిని 'బ్లాక్' కారణాంకాలు అన్నారు. సైట్ మీద పనిచేసే మనకి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. ఇటుకని విరవకుండా పేర్చినట్టు. అలా 60కి దొరికేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి, సరిగ్గా 60.

దీనికో అడ్డదారి ఉంది. ప్రతి ముక్కకీ 1 కలిపి గుణిస్తే అసలు సంఖ్యకి రెట్టింపు రావాలి. 5×4×6 = 120. అంతే!

6, 60, 90, 87,360. ఈ నాలుగింటి తర్వాత ఐదోది చార్లెస్ వాల్ అనే ఆయన 1975లో ప్రచురించిన ఆ 24 అంకెల సంఖ్య. అందులో 12 ముక్కలు: 2ని 18 సార్లు గుణించిన ముక్క, 5ని నాలుగుసార్లు గుణించిన 625, ఇంకా 3, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313. కూడాల్సినవి 4,095 సంఖ్యలు. నేను డిప్లొమా వాణ్ణి, అన్నీ కూడలేదు, అడ్డదారినే కాగితం మీద వేసి చూశా. 625కి 1 కలిపితే 626, అంటే 2×313. ఆ 313కి 1 కలిపితే 2×157. 157కి కలిపితే 2×79. 79కి కలిపితే 80, అది 2లకీ 5కీ పంచుకుపోతుంది. పై అంతస్తు లోడ్ కింది స్తంభం మీదకి దిగినట్టు, ప్రతి ముక్క బరువూ ఇంకో ముక్క మోస్తుంది. చివరికి 2లు కావాల్సింది 19, లెక్క పెడితే సరిగ్గా 19. ఒక్క ముక్క తీసేస్తే మొత్తం కూలుతుంది.

బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఒక్కటీ ఉండదు. బేసి ముక్కకి 1 కలిపితే సరి సంఖ్యే. రెండు ముక్కలున్నా చాలు, గుణిస్తే 4తో భాగం పోతుంది. బేసి సంఖ్య రెట్టింపులో 2 ఒక్కటే కదా. ఇక ఒకే ముక్కయితే, 1 కలిపినంత మాత్రాన రెట్టింపు ఎలా అవుతుంది?

మరి ఆరోది? ఇవి లెక్కకి తేలే కొన్నే ఉంటాయని, అంతులేకుండా రావని సుబ్బారావు గారి ఊహ. అవునని ఎవరూ నిరూపించలేదు, కాదనీ తేల్చలేదు. ఆరోది ఉంటే అందులో కనీసం 9 బేసి ముక్కలుండాలని వాల్ 1988లో చూపించాడు. ఇప్పటిదాకా దొరకలేదు.

ఇక్కడ కమ్మింగ్‌లో మన పిల్లలు శనాదివారాలు మ్యాథ్ క్లాసులకి పరుగులు పెడుతుంటారు. ఈసారి కారులో వాళ్లకి 87,360 ఇచ్చి చూడండి. ముక్కలు 64, 3, 5, 7, 13. ఒక్కోదానికి 1 కలిపి గుణించమనండి, 1,74,720 రావాలి.