ఉప్పు గడ్డకడితే?

అణు రియాక్టర్ అనగానే అది ఎక్కడ వేడెక్కిపోతుందోనని అందరికీ భయం. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 1965 నుంచి 1969 దాకా నడిపిన చిన్న రియాక్టర్ దగ్గర ఇంకో భయం కూడా ఉండేది: ఎక్కడ చల్లబడిపోతుందోనని.

అందులో ఇంధన కడ్డీలు లేవు. లిథియం, బెరీలియం, జిర్కోనియం ఫ్లోరైడ్లనే ఉప్పులను కరిగించి, ఆ ద్రవంలోనే యురేనియం ఫ్లోరైడ్ కలిపారు. ఇంధనమూ అదే, వేడిని మోసేదీ అదే. గ్రాఫైట్ దిమ్మెల మధ్య పారుతూ 632 డిగ్రీల సెల్సియస్ దగ్గర లోపలికి వెళ్లి, 654 దగ్గర బయటికొచ్చేది. ఆ వేడిని ఉష్ణ వినిమయకంలో యురేనియం లేని మరో ఉప్పు అందుకుని రేడియేటర్‌కు చేరవేసేది. అక్కడ పెద్ద ఫ్యాన్లు వేడినంతా గాలిలో కలిపేసేవి. కరెంటు తీసే ఉద్దేశమే లేదు, అది ప్రయోగం.

22 డిగ్రీల తేడాతోనే ఏడెనిమిది మెగావాట్లు ఎలా మోసింది? ఒక లీటరు ఉప్పు ఇముడ్చుకునే వేడి లీటరు నీటికి ఏమాత్రం తీసిపోదు. కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లకు ఎంచుకున్న ద్రవ సోడియంతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు. పైగా 1400 డిగ్రీలదాకా మరగదు కాబట్టి, నీటి రియాక్టర్లలోలా 150 రెట్ల వాతావరణ పీడనాన్ని తట్టుకునే దళసరి పాత్ర అక్కర్లేదు. ఈ రియాక్టర్ అభిమానులు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు.

వేడిని దాచుకోవడం వేరు, గోడ దాటించి ఇవ్వడం వేరు. ఉష్ణవాహకతలో ఈ ఉప్పు సోడియంలో సుమారు యాభయ్యో వంతే. చిక్కదనం కూడా ఎక్కువే. ఓక్ రిడ్జ్ ఇంజనీర్లు వినిమయకాన్ని డిజైన్ చేసినప్పుడు ఉప్పు ఉష్ణవాహకతను అసలు విలువకు మూడు రెట్లకు పైగా లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత సరిగ్గా కొలిస్తే గానీ వినిమయకం ఎందుకు వెనకబడిందో తెలియలేదు. రేడియేటర్ సంగతి ఇంకా ఘోరం. దాని గొట్టాల నుంచి గాలికి అనుకున్నంత వేడి దిగలేదు. దాంతో 10 మెగావాట్లకని కట్టిన రియాక్టర్ 8 దగ్గర ఆగింది. తర్వాతి లెక్కల్లో అదీ 7.4కు తగ్గింది. ప్రయోగంలో దొరికిన అతి విలువైన సమాచారం ఇదేనని నా అభిప్రాయం.

ఇక గడ్డకట్టే గొడవ. రెండో ఉప్పు 459 డిగ్రీల దగ్గర ఘనీభవిస్తుంది. రేడియేటర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు 545. రియాక్టర్ హఠాత్తుగా ఆగి, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూ ఉంటే, సన్నని గొట్టాల్లోని ఉప్పు చల్లారిన బెల్లం పాకంలా ఎక్కడిదక్కడే బిగుసుకుంటుంది. అందుకే రేడియేటర్‌కు రెండువైపులా తటాలున దించేసే బరువైన తలుపులు పెట్టారు, ఉప్పు తిరిగే చోటల్లా కరెంటు హీటర్లు అమర్చారు. ఆ తలుపులు వేడికి వంగి, సరిగా మూసుకోక సిబ్బందిని నానా తిప్పలు పెట్టాయి.

ఇదే గుణాన్ని రక్షణకూ వాడుకున్నారు. రియాక్టర్ కింది గొట్టంలో ఒకచోట గాలి ఊది ఇంధన ఉప్పును గడ్డకట్టించి, దాన్నే బిరడాగా ఉంచారు. గాలి ఆపితే బిరడా కరుగుతుంది, ఇంధనమంతా కింది ట్యాంకుల్లోకి జారిపోతుంది.

ఆ తర్వాత 1000 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికి డిజైన్ గీసినప్పుడు, రెండో ఉప్పుగా సోడియం ఫ్లోరోబోరేట్ మిశ్రమాన్ని ఎంచుకున్నారు. చవక, పైగా 385 డిగ్రీలదాకా గడ్డకట్టదు. అయినా ఆ ఉప్పు వేడితో ఆవిరి తయారుచేసే యంత్రంలోకి మామూలు నీటిని వదిలితే ప్రమాదమే. కాబట్టి ఉప్పును చల్లబరచడానికి పంపే నీటినే ముందుగా 370 డిగ్రీలకు కాచాలని తేల్చారు. అందుకోసం, తయారైన ఆవిరిలో కొంత వెనక్కి మళ్లించాల్సి వచ్చింది. ఆ కేంద్రం కాగితం దాటలేదు.