గోడవైపు తిరిగిన ముఖం

యూదా రాజైన హిజ్కియాకు జబ్బు చేసింది. ఇక బ్రతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని యెషయా ప్రవక్త వచ్చి చెప్పి వెళ్లాడు. అది విన్న రాజు చేసిన మొదటి పని తన ముఖాన్ని గోడవైపు తిప్పుకోవడం (2 రాజులు 20). రాజు పడకగది గదా, సేవకులుంటారు, మంత్రులుంటారు. వాళ్లెవరికీ తన ముఖం కనపడకూడదనుకున్నాడేమో. ఈ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. రాజు కన్నీటి ప్రార్థన గురించి చెప్పాను. పెరిగిన పదిహేనేళ్ల ఆయుష్షు గురించి చెప్పాను. పది మెట్లు వెనక్కి నడిచిన నీడ గురించి చెప్పాను. ఆ గోడ గురించి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. మూతి వంకర పోయి, నేను కూడా గోడవైపు తిరిగి పడుకున్న రోజున గాని ఆ మాట నా కంట పడలేదు.

రెండేళ్ల క్రితం, శ్రమల దినాల్లో రెండో ఆదివారం. ముందురోజు సాయంత్రం నుంచే ఎడమ చెవి వెనక సన్నగా నొప్పిగా ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గనుక గాలి కొట్టిందనుకున్నాను. తెల్లవారి పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్క నుంచి బనీను మీదికి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ముఖం సగం నాది, సగం ఎవరిదో. కళ్లు మూసుకోబోతే కుడి కన్ను మూతపడింది, ఎడమ కన్ను పడలేదు. గుడ్డు మాత్రం పైకి తిరిగి తెల్లగా కనిపించింది.

ఆ రోజు ప్రభురాత్రి భోజనం ఇవ్వాలి. ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్తానన్నాను. మా ఆవిడ వినలేదు. ‘ఆరాధన పెద్దలెవరైనా నడిపిస్తారండీ. మీరు ముందు ఆటో ఎక్కండి’ అంది. ఆ ఉదయం మా ఇంట్లో తెలివిగా ఉన్నది ఆమె ఒక్కతే.

గుంటూరులో నరాల డాక్టరు గారు చూశారు. కనుబొమలు ఎత్తమన్నారు, బుగ్గలు పూరించమన్నారు, పళ్లు చూపించమన్నారు, చేతులు కాళ్లు కదిలించమన్నారు. నుదుటి మీద ముడతలు కుడివైపే పడ్డాయి. మెదడులో రక్తప్రసరణ ఆగి వచ్చే పక్షవాతంలో సాధారణంగా నుదురు కదులుతూనే ఉంటుందట. చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం దానికి తోడవుతాయట. నాది అది కాదు, ముఖాన్ని కదిలించే ఒక్క నరానికి వచ్చిన జబ్బు అన్నారు. దాని పేరు బెల్స్ పాల్సీ. అయితే ఇది ఇంట్లో అద్దం ముందు నిలబడి తేల్చుకునే సంగతి కాదు. మూతి వంకర పోయినట్టు కనిపించగానే ఒక్క గంట కూడా వృథా చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ జబ్బో తేల్చవలసింది వైద్యులే.

మెదడు నుంచి బయలుదేరే పన్నెండు జతల నరాల్లో ముఖనరం ఏడోది. చెవి వెనక ఎముకలో సన్నని సొరంగం గుండా అది ముఖంలోకి వస్తుంది. ఏ కారణం చేతనైనా నరం వాస్తే ఆ ఇరుకులో నలిగిపోతుంది. కారణం ఇదీ అని కచ్చితంగా చెప్పలేకపోయినా, ఒంట్లో నిద్రాణంగా ఉండే హెర్పిస్ వైరస్ మీద వైద్యులకు అనుమానం. షుగర్ ఉన్నవారిలో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఆ నరం ముఖాన్ని కదిలించడంతో ఆగదు. నాలుక ముందు భాగానికి రుచి తెలిసేది దానివల్లే. పెద్ద శబ్దాల నుంచి చెవిని కాపాడే చిన్న కండరం కూడా దాని కిందే పనిచేస్తుంది. అందుకే నాకు చారు చప్పగా, డోలక్ దెబ్బ పిడుగులా ఉండేవి. పాస్టరు ఇల్లు గుడి గోడను ఆనుకునే ఉంటుంది మరి!

ఈ జబ్బుకు పేరిచ్చిన చార్లెస్ బెల్ స్కాట్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు. 1774లో పుట్టాడు. మంచి చిత్రకారుడు కూడా. సంతోషం, దుఃఖం, భయం ముఖం మీద ఎలా పలుకుతాయో చిత్రకారుల కోసం 1806లోనే పుస్తకం రాశాడు. వాటర్లూ యుద్ధంలో గాయపడిన సైనికులకు శస్త్రచికిత్స చేసి, వారి గాయాలను బొమ్మలుగా గీశాడు. సృష్టికర్త జ్ఞానం మనిషి చేతి నిర్మాణంలో ఎలా కనబడుతుందో చెబుతూ 1833లో మరో పుస్తకం ప్రచురించాడు. ముఖకండరాలను దేవుడు మన మనసులోని భావాలు చెప్పుకోవడానికే ఇచ్చాడని ఆయన నమ్మకం. ఆ కండరాలు సగం పనిచేయని వారాల్లో నాకు ఆయన మాట బాగా అర్థమైంది. నేను నవ్వితే ఎదుటివాళ్లు వెటకారమనుకున్నారు.

డాక్టరు గారు స్టెరాయిడ్ మాత్రలు రాశారు. నాకు షుగర్ ఉంది గనుక దాన్ని రోజూ చూసుకుంటూ వాడమన్నారు. ‘మొదటి మూడు రోజుల్లోనే వచ్చారు, అదే మేలు’ అన్నారు. ఈ మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. స్కాట్లాండులో ఐదు వందల మందికి పైగా రోగుల మీద జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. తొమ్మిది నెలల తర్వాత చూస్తే, స్టెరాయిడ్ వాడినవారిలో నూటికి 94 మందికి, వాడనివారిలో నూటికి 82 మందికి ముఖం పూర్తిగా మామూలుకు వచ్చింది. మందు లేకుండా కూడా ఎక్కువమందికి నయమవుతుందన్నమాట. అందుకే ఎవరు ఏ ఆకు పసరు పూసినా, ఎవరు ఏ నూనె రాసినా పనిచేసినట్టే కనిపిస్తుంది.

నూనె సంగతి నాకు తెలుసు. రాసింది నేనే గనుక.

అప్పటికి పన్నెండేళ్ల క్రితం మా సంఘంలో ఒక సోదరికి ఇలాగే అయింది. టిఫిన్ బండి నడుపుకునే మనిషి. మూతి ఒక పక్కకు పోయిందని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. నూనె రాసి ప్రార్థన చేశాను. మంచి పనే. అయితే అక్కడ ఆగలేదు. ‘మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం. ఆసుపత్రి సంగతి ఆ తర్వాత చూద్దాం’ అన్నాను. మూడు రోజులు వారమైంది, వారం నెల అయింది. ఆమె ముఖం సగమే తిరిగి వచ్చింది. వేళకు మందు వాడినా కొందరికి పూర్తిగా నయం కాదని డాక్టరు గారు చెప్పారు. కావచ్చు. కానీ ఆ మూడు రోజులు ఆమె చేతిలోంచి తీసుకున్నది నేను. అప్పటి నుంచి ఆమె గుడిలో వెనక వరుసలో, గోడ పక్కన, కొంగు బుగ్గ మీదికి లాక్కుని కూర్చుంటుంది. సిగ్గుపడి అక్కడ కూర్చుంటోందనుకుని నేను కూడా అటు చూడడం మానేశాను.

నా సంగతి తెలిశాక సంఘంలో రకరకాల మాటలు పుట్టాయి. దాచిపెట్టిన పాపమేదో ఉందన్నారు కొందరు. ఒక పెద్దాయన ఇంటికే వచ్చి ‘అయ్యగారూ, మాకోసం ప్రార్థన చేసే మీరే మాత్రలు మింగితే ఎట్లా?’ అని అడిగాడు. ఆయనను తప్పుపట్టలేను. విశ్వాసమంటే ఇంతే అని ఆయనకు నేర్పింది నా ప్రసంగాలే. హిజ్కియా ప్రార్థన విన్నానని, బాగుచేస్తానని, మూడో రోజున మందిరానికి వెళ్తాడని దేవుడు చెప్పాడు. ఆ మాట ఇచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. వాగ్దానమూ మందూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. ఆ ముద్దను ఇన్నేళ్లూ నేను చదివి దాటుకుపోయాను.

మాత్రలు అయిపోయాయి. ముఖం కదల్లేదు. ఎదురుచూడడమే మిగిలింది. ప, ఫ, బ, భ, మ – ఈ అయిదక్షరాలూ రెండు పెదవులు కలిస్తేనే పలుకుతాయని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ‘ప్రభువు’ అనబోతే ఆ పక్క నుంచి గాలి పోయేది. ప్రార్థన అన్నా అంతే, పాపక్షమాపణ అన్నా అంతే. యేసు అన్న పేరుకు మాత్రం పెదవులు కలవక్కర్లేదు. మొదటి రెండు వారాలు ఆ పేరు ఒక్కటే నా నోట ఇంచుమించు సరిగ్గా వచ్చేది. మూడు ఆదివారాలు గుడికి వెళ్లలేదు. ఎవరైనా పలకరించడానికి వస్తే పడుకున్నారని చెప్పమని మా ఆవిడకు చెప్పి, గోడవైపు తిరిగేవాణ్ణి.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆ సోదరి వచ్చింది. పడుకున్నారని మా ఆవిడ చెబితే ‘లేపండమ్మగారూ’ అని కూర్చుంది. నేను లేచి వచ్చేసరికి కాఫీ ఇస్తున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగలేక చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆమె లేచి వచ్చి, తన పెదవి మూలను వేలితో నొక్కి చూపించింది. ‘ఇట్లా పట్టుకుని తాగండయ్యగారూ, కారదు. అన్నం తిన్నాక ఆ పక్క దవడలో మెతుకులు ఉండిపోతాయి, పుక్కిలించినా రావు, వేలితో తీసుకోవాలి. రాత్రిపూట కంటిలో మందు వేసుకుని, రెప్ప చేత్తో మూసి, పైన ప్లాస్టరు అంటించుకోండి. నాకెవరూ చెప్పక కన్ను పుండు పడింది’ అంది. నా కంటికి కూడా డాక్టరు గారు పగలు చుక్కలు, రాత్రి ఆయింటుమెంటు రాశారు. ముఖం మీదున్న ధ్యాసలో కంటిని అశ్రద్ధ చేస్తున్నాను. ఈ జబ్బులో మూతి ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు గాని, మూతపడని కన్ను ఆరిపోయి దెబ్బతింటే చూపుకే ప్రమాదం.

‘అమ్మా, ఆ రోజు మిమ్మల్ని ఆసుపత్రికి పంపించాల్సింది’ అన్నాను. సరిగ్గా పలకలేకపోయాను. ఆమెకు అర్థమైంది.

‘పంపించాల్సిందేనండి’ అంది. ఫర్వాలేదనలేదు. కాసేపాగి, ‘పన్నెండేళ్ల నుంచి ఈ మూతితోనే ఇడ్లీలు అమ్ముకుంటున్నాను. మూడు వారాలకే మీరు తలుపేసుకుంటే ఎట్లాగండీ? ఆదివారం రండి’ అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

కెనడా దేశానికి 1993 నుంచి 2003 వరకు ప్రధానమంత్రిగా చేసిన జాన్ క్రెటియన్‌కు చిన్నతనంలో వచ్చిన ముఖ పక్షవాతం వల్ల నోరు ఒక పక్కే కదిలేది. 1993 ఎన్నికల్లో ప్రత్యర్థి పార్టీ ఆయన ముఖాన్ని ఎత్తిచూపే ప్రకటన ఒకటి టీవీలో వేసింది. ఆయన దాక్కోలేదు. ఇది దేవుడిచ్చిన లోపం, చిన్నప్పుడే ఒప్పుకున్నానని సభలో చెప్పాడు. ప్రకటన వేసినవారు దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఎన్నికల్లో వాళ్లకు రెండే స్థానాలు దక్కాయి. ఓటమికి వేరే కారణాలు కూడా చాలా ఉన్నాయనుకోండి.

ఆదివారం వెళ్లాను. వాక్యం చెప్పలేదు, ముందు బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు తిరిగి తిరిగి చూశారు. ఒక పాప దగ్గరికొచ్చి ‘నొప్పి పుడుతోందా తాతా?’ అని అడిగింది. లేదన్నాను. సరే అని వెళ్లి ఆడుకుంది. పెద్దవాళ్లు కూడా అలా అడిగితే ఎంత బాగుండును!

అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు, పెదవి మూల చిన్నగా కదిలింది. చీమ పాకినంత. మా ఆవిడకు చూపిస్తే ‘ఏదీ, ఏదీ’ అని దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది. బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివాణ్ణి ఒకేసారి బాగుచేయలేదు (మార్కు 8). మొదటిసారి చెయ్యి వేసినప్పుడు వాడికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు. రెండోసారి వేశాక గాని చూపు తేటపడలేదు. ఆ రెంటికీ మధ్య వాడు ఎలా ఉన్నాడో సువార్త చెప్పదు. నేను నాలుగు నెలలు అక్కడే ఉన్నాను. రోజూ అద్దం ముందు కూర్చుని డాక్టరు గారు చెప్పిన వ్యాయామాలు మెల్లగా చేసేవాణ్ణి. బలవంతంగా చేస్తే నరాలు దారి తప్పి అతుక్కుంటాయని, ఓపిక పట్టమని హెచ్చరించారు.

మా ఊళ్లో గుడ్ ఫ్రైడే నాడు సంఘాలన్నీ కలిసి ఆరాధన జరుపుతాయి. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుంటారు. నాకు ఐదోది ముందే కేటాయించారు, దాహం మాట. మార్చమంటే మార్చేవారే. నేను అడగలేదు. మాట్లాడుతూ మధ్యలో నోరెండి నీళ్లు తాగాను. పెదవి పట్టుకోవడం మరిచిపోయాను. నీళ్లు తెల్ల అంగీ మీద పడ్డాయి. అందరూ చూశారు. ఆ దాహం గురించి మాట్లాడవలసింది ఇంకా ఉంది గనుక తుడుచుకుని కొనసాగించాను. ‘ప్రభువు’ ఆ రోజు కూడా సరిగ్గా రాలేదు.

ఇప్పుడు ముఖం దాదాపు మామూలైంది. నవ్వితే ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది, అంతే. మూతి వంకర పోయి ఎవరు వచ్చినా ప్రార్థన చేసి, అదే గంటలో ఆసుపత్రికి పంపిస్తున్నాను. తోడెవరూ లేకపోతే నేనే వెళ్తున్నాను. గత ఏడాది ఇద్దరు వచ్చారు.

ఆ సోదరిని ఒకరోజు ముందుకొచ్చి కూర్చోమన్నాను. మూతి సంగతి ఎప్పుడో మరిచిపోయాననీ, మూతపడని కంటికి ఫ్యాను గాలి పడదు గనుకే గోడ పక్కన కూర్చుంటున్నాననీ చెప్పింది. పన్నెండేళ్లలో ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఆమె రెండో వరుసలో కూర్చుంటోంది. ఆ వరుస మీది ఫ్యాను ఆదివారం ఆరాధనలో తిరగదు. ఎండాకాలంలో కొందరు సణుగుతూనే ఉంటారు.