మంచి అలవాటుకు ఒక వేళ, ఒక చోటు



మన ఇళ్లలో కొత్త సంవత్సరం ఏడాదికి ఒక్కసారే రాదు. ముహర్రం నెలవంకతో హిజ్రీ సంవత్సరం మొదలవుతుంది. జనవరి 1న గోడమీద క్యాలెండరు మారుతుంది. నాలాంటి టీచర్లకూ, బడికెళ్లే పిల్లలున్న ఇళ్లకూ జూన్‌లో బడి తెరిచే రోజే అసలైన కొత్త సంవత్సరం. మూడుసార్లూ మనం ఏదో ఒకటి గట్టిగా అనుకుంటాం. పొద్దున్నే లేవాలి, నడవాలి, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించాలి, ఫోను పక్కన పెట్టాలి, అనవసరపు ఖర్చు తగ్గించాలి. మూడుసార్లూ నెల తిరక్కముందే మర్చిపోతాం. ఆ తర్వాత "నాకు పట్టుదల లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

నేనూ అలా తిట్టుకున్నదాన్నే. కొన్నేళ్ల క్రితం డాక్టరుగారు నాకు షుగరు ఉందని చెప్పి రోజూ నడవమన్నారు. జనవరి 1న కొత్త బూట్లు కొన్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక గంటసేపు నడవాలని నిర్ణయం. ఐదు రోజులు బాగానే సాగింది. ఆరో రోజు చుట్టాలు వచ్చారు. మర్నాడు పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చింది. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి బూట్లు మంచం కిందికి చేరాయి. మరుసటి ఏడూ అంతే. లోపం ఎక్కడుందో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

అలవాటు ఎలా పడుతుంది?

ఇంటికి తాళం వేశామో లేదో అని అనుమానం వచ్చి, వీధి చివరి నుంచి వెనక్కి వచ్చిన అనుభవం అందరికీ ఉంటుంది. వచ్చి చూస్తే తాళం వేసే ఉంటుంది. చెయ్యి తన పని తాను చేసింది, మనసు మాత్రం అక్కడ లేదు. అలవాటంటే ఇదే. ఒకే సందర్భంలో ఒకే పని పదేపదే చేస్తుంటే, కొన్నాళ్లకు ఆ సందర్భమే పనిని గుర్తుచేస్తుంది. రోజూ మనసును కూడగట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. నా సాయంత్రపు నడకకు అలాంటి సందర్భం ఏదీ లేదు. ఖాళీ దొరికినప్పుడు నడుస్తాననుకున్నాను. బడి, వంట, చుట్టాలు ఉన్న ఇంట్లో ఖాళీ అనేది ఒక వేళ కాదు.

21 రోజులు వరసగా చేస్తే ఏ అలవాటైనా వచ్చేస్తుందని చాలామంది చెబుతుంటారు. ఈ అంకె ప్రచారంలోకి రావడానికి ముఖ్య కారణం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ఆపరేషన్ తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. జనం నోళ్లలో పడి "కనీసం" అన్న మాట రాలిపోయింది, అంకె మిగిలింది.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. 96 మంది తిండికో, మంచినీళ్లకో, వ్యాయామానికో సంబంధించిన ఒక చిన్న పనిని ఎంచుకుని, 12 వారాలపాటు రోజూ ఒకే సందర్భంలో చేశారు. ఆ పని అప్రయత్నంగా జరిగిపోయే స్థితికి చేరడానికి కొందరికి 18 రోజులే చాలుతాయని, కొందరికి 254 రోజులదాకా పట్టవచ్చని వారు లెక్కగట్టారు. అందర్నీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారికి పట్టిన కాలం 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా తేలింది.

అంటే జనవరి 1న మొదలుపెట్టినవారు మార్చి మొదటి వారం దాకా ఓపిక పట్టాలన్నమాట. సంక్రాంతికే వదిలేసిన నేను అసలు మొదలుపెట్టినట్టే కాదు.

రంజాన్ నెలలో మనం చూసేది

మనలో పట్టుదల లేదనే మాటకు రంజాన్ మాసమే జవాబు. మామూలు రోజుల్లో ఏడైనా లేవని కుర్రాడు సహరీకి లేస్తాడు. గంటకోసారి టీ పడందే ఉండలేని పెద్దాయన పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టడు. పండుగ వెళ్లిన మూడో రోజుకు ఆ కుర్రాడు మళ్లీ ఏడు దాటినా లేవడు. మనిషి అదే మనిషి. మరి ఏం మారింది?

ఆ నెలలో నియ్యత్‌తో పాటు ఇల్లంతా తోడుంటుంది. వంటింట్లో దీపం వెలుగుతుంది, అమ్మీ గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటారు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో అజాన్ చెబుతుంది. వేళ ఉంది, చోటు ఉంది, తోడు ఉంది. పండుగ తర్వాత ఈ మూడూ ఒక్కసారిగా పోతాయి, వాటితోపాటే అలవాటూ పోతుంది. కాబట్టి కొత్త ఏడాదిలో ఏ మంచి పని నిలబెట్టుకోవాలన్నా, ముందు దానికి ఈ మూడూ సమకూర్చాలి.

ఇది అర్థమయ్యాక మంచం కింద నుంచి బూట్లు బయటికి తీశాను. సాయంత్రపు గంట నడక ఆలోచన మానేశాను. ఫజర్ నమాజు అయ్యాక, పొయ్యిమీద టీ పెట్టకముందు, వీధి చివర వాటర్ ట్యాంకు దాకా వెళ్లి రావడం, అంతే. పది నిమిషాలు. బూట్లు రాత్రే గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. పక్కింటి భాబీని తోడు రమ్మన్నాను. ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంటుందంటే మంచం మీద పడుకోవడానికి మొహమాటం. వానల్లో తప్పింది, జ్వరం వచ్చినప్పుడు వారం తప్పింది. మళ్లీ వెళ్లాం. ఆ పది నిమిషాలు ఇప్పుడు అరగంట అయింది. నడవకుండా తాగితే టీ రుచించడం లేదు.

రెండో రోజు తప్పితే

ఒక రోజు తప్పితే ఫరవాలేదన్నాను. రెండో రోజు సంగతి వేరు. అది నాకు నేర్పినవాడు మా బడిలో తొమ్మిదో తరగతి చదివిన ఒక అబ్బాయి. తండ్రి లేడు. దాతల సాయంతో పుస్తకాలు, యూనిఫాం వచ్చేవి. చక్కగా చదివేవాడు. డిసెంబరులో మామూ పెళ్లికని నాలుగు రోజులు బడికి రాలేదు. తిరిగొచ్చేసరికి లెక్కల్లో కొత్త పాఠం సగం అయిపోయింది. అర్థం కాక మర్నాడు కడుపునొప్పి అని ఉండిపోయాడు. ఆ మర్నాడు పంక్చరు షాపులో కూర్చున్నాడు. నేను రోజూ హాజరు పట్టీలో గైర్హాజరు వేస్తూనే ఉన్నాను. రేపు వస్తాడులే అనుకున్నాను.

మూడో వారంలో వాళ్లింటికి వెళ్లాను. "టీచరమ్మా, షాపతను వాడికి రోజుకు 100 రూపాయలిస్తున్నాడు. మీరు మొదట్లోనే వచ్చుంటే పంపేదాన్ని" అంది వాళ్లమ్మ. ఆ పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు. ఫీజుకు లోటు లేదు, తెలివికి లోటు లేదు. బడికి వెళ్లే అలవాటు తెగిపోయి, వెళ్లకపోవడం అలవాటైంది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క ఫోను చేయని తప్పు నాది. అప్పటి నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. హాజరు పట్టీ మూయగానే, వరసగా రెండో రోజు రాని పిల్లల ఇళ్లకు ఫోను చేస్తాను. అది అయ్యాకే పాఠం.

మీరు చేయగలిగినవి

మీరిచ్చే ఫీజు, పుస్తకాలు పిల్లల్ని బడి గుమ్మం దాకా తెస్తాయి. ఆపైన వారిని నడిపించేది రోజువారీ అలవాటే. అందుకు మూడు పనులు సూచిస్తాను.

మొదటిది మీ ఇంట్లోనే. మగ్రిబ్ నమాజు తర్వాత పావుగంట టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, పిల్లల చేత పైకి చదివించండి. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఇల్లు ఒకే గది. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది, ఆమెకు చదువు రాదు. అయినా రోజూ ఆ పావుగంట మిషను ఆపి, చాప పరిచి, కూతురు చదివేది వింటుంది. "నిన్నటి పాఠంలో ఆ రాజు ఏమయ్యాడే?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమైనా పిల్ల చదవాలి కదా. క్లాసులో నోరు విప్పని ఆ అమ్మాయి ఇప్పుడు లేచి నిలబడి పాఠం చదువుతోంది.

రెండోది, మీరు సాయం చేస్తున్న పిల్లలను వారానికోసారి పలకరించండి. శుక్రవారం జుమా నమాజు తర్వాత అని పెట్టుకుంటే మర్చిపోరు. మార్కులు అడగవద్దు. "ఈ వారం ఎన్ని రోజులు బడికెళ్లావు, ఏం చదివావు?" అని అడగండి చాలు.

మూడోది ఇవ్వడం గురించి. జకాత్ లెక్క వేరు, దాని నియమాలు వేరు. నేను చెప్పేది సదఖా గురించి. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టి, ఉదయం బయటికి వెళ్తూ 10 రూపాయలు వేయండి. పిల్లల చేత వేయిస్తే ఇంకా మంచిది. హిజ్రీ సంవత్సరానికి 354 రోజులనుకుంటే 3,540 రూపాయలు అవుతాయి. ఒకేసారి అంత తీయాలంటే భారమనిపించే ఇంటికి కూడా ఇది భారం కాదు. అంతకన్నా ముఖ్యం, ఇవ్వడం పిల్లలకు చిన్నప్పుడే చేతికి అలవాటవుతుంది.

చదివి ఈ మూడూ రేపే మొదలుపెట్టకండి. ఒక్కటే ఎంచుకోండి. దేని తర్వాత, ఎక్కడ, ఎన్ని నిమిషాలు, ఎవరి తోడుతో అన్నది ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. 66 రోజులు ఓపిక పట్టండి. ఒక రోజు తప్పితే బాధపడకండి, రెండో రోజు మాత్రం తప్పనివ్వకండి. అల్లాహ్ మన చిన్న ప్రయత్నాలను నిలకడగా సాగనివ్వాలని దుఆ చేస్తున్నాను. ఆమీన్.