ఆవాలలో దాగు బ్రహ్మదండి గింజ

నాదర్‌గుల్ చుట్టుపట్ల బీళ్లలోను, బాటప్రక్కలను మొలచు బ్రహ్మదండిని మన విద్యార్థులు ఎరిగియే యుందురు. ఇది మెక్సికో దేశమునుండి వచ్చిన కలుపుమొక్క. ఆకులకు ముండ్లుండును, పూవు పసుపుపచ్చన, కొమ్మను త్రుంచిన పచ్చని పాలు కారును. మొక్కను గుర్తించుట సులభమే. గింజను గుర్తించుటయే కష్టము. ఏలయన అది చూపునకు ఆవగింజను బోలియుండును.

ఆవచేలలో ఈ కలుపు పెరిగినచో నూర్పిడియందు రెండు గింజలును కలిసిపోవును. లాభాపేక్షచే కావలెనని కలుపువారును కలరు. ఈ గింజల నూనెలో సాంగ్వినరిన్ అను విషము కలదు. ఆ కల్తీనూనె తినినవారికి కాళ్లు వాచును, ఆయాసము కలుగును, గుండె బలహీనమగును. కొందరికి కంటిచూపు చెడును. 1998 సంవత్సరమున ఢిల్లీలో ఇట్టి ఆవనూనెవలన 60 మందికి పైగా మరణించిరి. వంటసెగకు ఈ విషము నశించునని నమ్మరాదు.

గుర్తించు విధమిది. గింజలను తెల్లని పళ్లెమున పలుచగ పరచవలెను. ఆవగింజ నునుపుగ నుండును. బ్రహ్మదండి గింజ మరింత నల్లనై, గుంటలు గుంటలుగ, గరుకుగ నుండును. సందేహము తీరనిచో నలిపి చూడవలెను: ఆవగింజ లోపల పసుపు, బ్రహ్మదండి లోపల తెలుపు.

పోపు లేని వంట మన యిండ్లలో అరుదు. కావున మేము కోరునది యొక్కటే. విద్యార్థులారా, నేటి సాయంకాలమే అమ్మతో గూడి ఆవాలను పరీక్షింపుడు. చేనిగట్టున బ్రహ్మదండి కనబడినచో, కాయ పగిలి గింజ రాలకమునుపే పెద్దలచే పెరికింపుడు.